హీరా ముక్కు

సారయ్య వరంగల్ పోలీసు కుక్కను సాకే జవాను. దొంగలంటే అతనికి ఏనాడూ భయం లేదు కానీ భార్య యాకమ్మ నోరంటేనే కొంచెం జంకు. ఆ రోజు ఆ కుక్క హీరాను వెంటబెట్టుకొని ఇంటికొచ్చాడు.

“గడప కాన్నే నిలవడ్డవేంది? సర్కారు అల్లున్ని లోపటికి తోల్కరా. పీట ఎయ్యనా?”

“పరాచకాలు తర్వాత. జర నీళ్లియ్యి.”

“నీకా, ఆయనకా?”

“ఇద్దరికి.”

“పాలు తాగే నోరు, మన నీళ్లు ముడుతదా? పొద్దుగాల గుడ్డు, మాపటికి మాంసం, జెరమస్తె డాక్టరు. నిన్ను చేసుకునే బదులు నీ హీరా సోపతి పట్టినా నాకింత ముక్క దొరుకుతుండె.”

“ఇగ దొరుకది తియ్యి.”

“ఏంది?”

“ఏం లేదు. చాయ పెట్టు.”

“మాట మింగకు. ఏం దొరుకది?”

“రేపటి సంది హీరాకు మాంసం బందు, పాలు బందు. పై నుంచి ఆర్డరచ్చింది.”

“గంత తప్పేం జేసింది?”

“మొన్న షావుకారి వెంకట్రాజం ఇంట్ల ఇత్తడి సామాను పోలే? దొంగోని చెప్పు వాసన సూపిచ్చి ఇడిస్తె, గల్లీలన్ని తిరిగి తిరిగి...”

“మనింట్లకే అచ్చి కూసున్నది. మీ సారు నవ్విండు, ఎనుకచ్చిన జవాన్లు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.”

“ఆ నవ్వు పై దాకా పోయింది. దీని ముక్కు పోయింది, ఆకలైతె సాదినోని ఇంటికి ఉరుకుతాంది అన్నరు. జనం పైసలతోటి సాదేది పనికి గని సోకుకు గాదు అన్నరు. వేలం పెడ్తరట.”

“వేలమా? దీన్నెవరు కొంటరు?”

“ఏ మిల్లోడో కొని గేటు కాడ గొలుసేస్తడు. నేను... జర బతిలాడి రెండు రోజులకని తెచ్చిన.”

“రెండు రోజులా, రెండేండ్లా? మొఖం ఇటు తిప్పి చెప్పు.”

“సారును అడిగి, ఉన్నన్నాళ్లు ఉంచుకుందామని.”

“మన చింతపులుసు తింటదా?”

“నేను కలిపి పెడ్తె తింటది. గొలుసుల దాన్ని సూడాలంటె నా పానం ఒప్పతలేదు యాకమ్మా.”

“ఏడ్వకు. పోలీసోడు ఏడుస్తె పక్కింటోళ్లు సూస్తరు. ఉండనీ తియ్యి. ఆ మూలకు గోనెసంచి పరువు.”

“పరిస్తె పండుతదా? అటు సూడు, మల్ల ఆడనే కూసున్నది.”

“మొన్నగూడ ఆడనే, నా బిందె ముంగట. దూపైతాందేమో.”

“ఇప్పుడే గదా తాగింది.”

“మరి నా బిందె మీద గంత మోజేంది దీనికి?”

“యాకమ్మా, ఈ ఇత్తడి బిందె మీ అమ్మ పంపిందంటివి గదా?”

“అన్న.”

“పంపిందా?”

“చాయ పొంగుతాంది.”

“పొంగనియ్యి. పంపిందా?”

“పంపలే. గల్లీల అమ్ముకుంట ఒకడచ్చిండు. బిడ్డ పెండ్లి తప్పిందట, సామాను ఇంట్ల సూడబుద్ధి గాక అమ్ముతాండట. పాపం అనిపిచ్చింది. మెడ కాడ పేరు గీకేసి ఉన్నది గనుక అగ్గువకే ఇచ్చిండు. నువ్వు కోపానికస్తవని అమ్మ పేరు చెప్పిన.”

“ఎన్నడచ్చిండు వాడు?”

“మీరంత కుక్కెనుక ఉరికచ్చిన్నాడే. పొద్దుగాల.”

“జర దీపం ఇటు తే.”

“ఏం అక్షరాలు ఆనుతానయి?”

“‘వెంకట్రా’ దాకా ఆనుతాంది.”

“అయ్యో. అయితె దీని ముక్కు...”

“దీని ముక్కుకేం గాలే. మనందరివే పోయినయి.”

“మరింక కూసున్నవేంది, పోయి సారుకు చెప్పు.”

“ఏమని చెప్పాలె? పోలీసోని పెండ్లామే దొంగసొమ్ము కొన్నదని ఊరంత నవ్వుతది. నిన్ను ఠాణాకు రమ్మంటరు.”

“చెప్పకుంటె?”

“దీనికి గొలుసు.”

“ఆ బిందెల నీళ్లు పారబొయ్యి.”

“ఏం జేస్తవ్?”

“బిందె నా నెత్తినవెట్టు. హీరాను ముందల నడువనియ్యి, నువ్వు ఎనుక రా. దొంగసొమ్మునే గాదు, దాన్ని కొన్నదాన్ని గూడ హీరా పట్టుకచ్చిందని చెప్పు. ఇగ దాని మాంసం ఎట్ల బందు వెడ్తరో నేను గూడ సూస్త.”