తీగె కొసలు

రేపు బడిలో తాను చెప్పాల్సిన సైన్సు పాఠం కోసం చేసిన చేతి జనరేటర్‌ను తండ్రి మోటర్ వైండింగ్ షాపులో కూర్చుని సుభాషిణి తిప్పుతూనే ఉంది. బల్బు వెలగలేదు.

"లెక్క ప్రకారం అంతా సరిగ్గనే ఉన్నది బాపూ. రేపు పిల్లల ముందట ఇజ్జత్ పోతది."

"తీగె కొసలు గీకినవా బిడ్డా?"

"ఎందుకు? రాగి మెరుస్తనే ఉన్నది గదా."

"మెరిసేది రాగి గాదు, పైన పూత. అది పోకుంటె కరెంటు దాటది. బ్లేడు పట్టు."

కొసలు గీకాక ఆయనే తిప్పాడు. బల్బు వెలిగింది. ఆయన చెయ్యి ఆగలేదు.

"ముప్పై ఏండ్ల సంది కరెంటిస్తె మోటర్ తిరుగుడే చూసిన. తిప్పితె కరెంటు వచ్చుడు ఇయ్యాల్నే చూస్తున్న."

"ఈ మాటే రేపు పిల్లలకు చెప్పాలె. బడికి రా, బాపూ."

"నేనెన్నడన్న బడి గడప తొక్కిన్నా?"

"నాకిప్పుడు పాఠం చెప్పిందెవరు మరి?"

ఆయన తిప్పడం ఆపాడు.

"రేపటికి నా తెల్ల అంగి జర ఇస్త్రీ చెయ్యి బిడ్డా."