గీత పడని హెల్మెట్

అశోక్ నగర్‌లోని ఒక హాస్టల్, మూడో అంతస్తు గది. జగదీశ్వర్ చనిపోయి ఇరవై మూడు రోజులైంది. అతని సామాను తీసుకుపోవడానికి ఊరి నుంచి తండ్రి పోచయ్య వచ్చాడు. గదిలో జగదీశ్వర్ స్నేహితుడు భానుప్రకాశ్ ఒక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం.

"ఆ దుప్పటి వద్దు బాపూ, అది నాది."

"నీదా? మరి వాని మంచం మీద ఉన్నదేంది?"

"నేనే... ఇక్కడ పండుకుంటున్న."

"నీ మంచానికి ఏమైంది?"

"ఏం కాలే. ఇక్కడ జర గాలి వస్తదని."

"ఏం గాలి కొడుకా, కిటికీ తెరిస్తె పక్కింటి గోడ తగులుతున్నది. మా గొర్ల దొడ్డి నయం దీనికంటె. ఈ గదిల నలుగురు ఎట్ల ఉన్నరు?"

"ఇప్పుడు నలుగురం లేము. ఒకాయన ఊరికి పోయిండు. ఇంకొకాయన రాంనగర్‌ల రూం చూసుకున్నడు. ఈ గదిల నిద్ర పడతలేదన్నడు."

"అంటె ఒక్కనివే ఉంటున్నవా?"

"ఒక్కన్నే."

"చదువు సాగుతున్నదా మరి?"

"సాగుతున్నది. వాడు ప్రశ్న అడుగుతుండె, నేను చెప్తుంటి. ఇప్పుడు నేనే అడిగి నేనే చెప్పుకుంటున్న."

"ఈ పుస్తకాలన్ని వానియేనా?"

"ఆ వరుస వానిది. ఈ చరిత్ర పుస్తకం నాది. గని మీరే తీస్కపోండ్రి."

"నేనేం జేసుకుంట చరిత్రను? నీది నువ్వు ఉంచుకో."

"పేజి పేజికి వాని రాతనే ఉన్నది బాపూ. చదువుతుంటె తిట్టినట్టే ఉంటది. ఇగో చూడుండ్రి. 'భానూ, ఇది మూడోసారి చెప్తున్న, మళ్ల మరిస్తె తంత.'"

"నిజంగనే తంతుండెనా?"

"తంతుండె."

"వాళ్లవ్వ పోలిక."

"ఏవయ్యా భానూ, తలుపు తీసే ఉందా? ఈయనేనా జగదీశ్ వాళ్ల నాన్నగారు?"

"ఆఁ సుబ్బులాంటీ. బాపూ, ఈమెదే హాస్టలు."

"నమస్కారమండీ. కూర్చోండి, లేవకండి. భోంచేశారా? కింద పప్పుచారు ఉంది, వంకాయ కూర ఉంది. మొహమాటపడకండి."

"తిన్న తల్లీ. బస్టాండ్ల తిన్న."

"ఏం తిన్నారో! మీ వాడూ అంతే. ఎప్పుడడిగినా తిన్నానాంటీ అనేవాడు. పొద్దున్నే అయిదింటికి గేటు తియ్యమని నన్ను లేపేవాడండీ, ఆ సరుకులిచ్చే పని పెట్టుకున్నాక. వారం రోజులు తిట్టాను. తర్వాత తాళంచెవి వాడి చేతికే ఇచ్చేశాను. ఇప్పుడేమో ఎవరూ లేపకుండానే అయిదింటికి మెలకువ వచ్చేస్తోంది."

"తల్లీ, నిన్నొక మాట అడుగుత. ఆ దినం వాడు పొయ్యేటప్పుడు నెత్తికి హెల్మెట్ ఉండెనా?"

"నేను చూళ్లేదండీ, పడుకునే ఉన్నాను. కానీ రోజూ పెట్టుకునేవాడు. పైన మెట్ల దగ్గరే తగిలించుకుని దిగేవాడు. మెట్ల మీద కూడా పోలీసులున్నార్రా అని నవ్వేదాన్ని. భానూ, నువ్వు చూళ్లేదూ?"

"నేను అప్పటికే రీడింగ్ హాల్‌కు పోయిన ఆంటీ."

"అవునులే, ఆ కుర్చీల కోసం మీ పరుగులూ మీరూనూ. సరేనండీ, మెల్లగా సర్దుకోండి. ఆ కొత్తబ్బాయి... అది తర్వాత మాట్లాడదాంలే. భానూ, ఈయన్ని తినకుండా పంపావంటే ఊరుకోను."

"సరే ఆంటీ."

"పోయిందా? మంచిదే పాపం ఆ తల్లి."

"మంచిదే. ఈ మంచానికి ఇంకొకాయన వస్తున్నడని చెప్పనీకె వచ్చింది. చెప్పలేక పప్పుచారు అన్నది."

"రానియ్యి. మంచం ఊకె ఎందుకు ఉండాలె? నీకు గూడ తోడు అయితది. భానూ, హెల్మెట్ ఏది?"

"హెల్మెటా?"

"నల్లది. ఎనుక ఎర్ర పట్టీ ఉంటది. వాళ్లవ్వ హుస్నాబాద్‌ల దగ్గరుండి కొనిచ్చింది. నాలుగు దుకాన్లు తిప్పింది మమ్ముల, నేలకు కొట్టి చూస్తనంటె దుకానపాయన మొత్తుకున్నడు. గదే తెమ్మన్నది. బట్టలు మర్చిపోయినా మంచిదే, హెల్మెట్ మర్చిపోకు అన్నది."

"అవ్వకు ఎందుకు బాపూ అది?"

"స్టేషన్ల కాగితం రాసిండ్రు గదా, హెల్మెట్ లేకుండ నడిపిండని. ఊరంత ఎర్కైంది. మా తమ్ముడు బుగ్గయ్య దినాల నాడు అందరి ముంగట అన్నడు. గుద్ది పోయిన కారోన్ని అని ఏం లాభం, మనోడే సోకుకు నెత్తికి పెట్టుకోలే అని. వాళ్లవ్వ ఎల్లవ్వ బువ్వ కాడికెల్లి లేచిపోయింది. 'నా కొడుకు దినాం చెప్పిండు, పెట్టుకున్ననే అవ్వా అని. నాకు అబద్ధం చెప్పిండా?' గదే మాట. పొద్దుగాల గదే, మాపటికి గదే. హెల్మెట్ చూస్తె తెలుస్తదంటది. గీతలు పడితె పెట్టుకున్నట్టు. లేకుంటె అబద్ధమాడినట్టు."

"కారోని సంగతి ఏమన్న తెల్సిందా?"

"యాడ? నారాయణగూడ బ్రిడ్జి కాడ కెమెరాల తెల్లకారు కనబడ్డదట. నంబరు కనబడలేదట. ఈ పట్నంల తెల్లకార్లు ఎన్నున్నయి బిడ్డా! ఇయ్యాల బస్సుల కూసోని చూసుకుంట వచ్చిన. ఒక్కొక్క కారుల ఒకడు కూసోని ఉన్నడు. ఒకడు పాట ఇనుకుంట తలకాయ ఊపుతున్నడు. అందరు మంచిగనే ఉన్నరు. ఎవని మొఖం మీద ఏం రాసి లేదు."

"నేను గూడ చూస్త. చిక్కడపల్లికెల్లి నడిచేటప్పుడు ఆగిన కార్ల ముంగటికి పోయి, సొట్ట ఉన్నదా అని చూస్త. మొన్న ఒకాయన దొంగననుకొని ఒర్లిండు."

"ఏమన్న కనబడ్డదా?"

"లే."

"మంచిది. నువ్వు మాట మార్చినవు, నేను గూడ నీ ఎంబడి పోయిన. ఇగ హెల్మెట్ చెప్పు."

"దొరకలేదని చెప్తె కాదా?"

"పోలీసుల దగ్గర లేదన్నరు. రోడ్డు మీద లేదన్నరు. నీ దగ్గర లేకుంటె యాడ ఉంటది?"

"...మంచం కింద."

"తియ్యి."

"బాపూ—"

"తియ్యి కొడుకా, నాకు నడుము వంగదు."

"ఇగోండ్రి."

"వెలుతురుకు తిప్పనియ్యి, చూస్త."

"బాపూ."

"గీత లేదు."

"లేదు."

"ఒక్కటి గూడ లేదు. అద్దం నిన్న కొన్నట్టే ఉన్నది. మంచిది. అబద్ధమే చెప్పిండన్నట్టు."

"బాపూ, అది—"

"దొరకలేదనే చెప్త ఆమెకు. నీకు ఫోన్ చేస్తె నువ్వు గూడ గట్లనే చెప్పు. ఇది నువ్వు ఎవలకన్న ఇయ్యి. ఆ సంచి అందుకో, బస్సుకు ఆలస్యమైతది."

"వాడు అబద్ధం చెప్పలే బాపూ. హెల్మెట్ నేను తీస్కపోయిన."

"నువ్వా? నీకు బండి లేదు గదా?"

"లేదు."

"బండి లేనోనికి హెల్మెట్ ఎందుకు?"

"కుర్చీకి."

"ఏ కుర్చీకి?"

"రీడింగ్ హాల్‌ల కుర్చీకి. కుర్చీలు తక్కువ, వచ్చేటోళ్లు మస్తు మంది. పొద్దుగాల ఐదింటికి తెరుస్తరు. ఎవరు ముందుగాల పోయి ఏది పెడితె, ఆ కుర్చీ దినమంత వాళ్లది. పుస్తకం పెడితె పక్కకు జరుపుతరు. నీళ్ల బాటిల్ పెడితె కింద పెడతరు. నా బ్యాగు రెండుసార్లు మెట్ల మీద పడేసిండ్రు. హెల్మెట్ పెడితె మాత్రం ఎవ్వరు ముట్టరు. మనిషి ఇక్కడనే ఉన్నడు, ఛాయ్‌కి పోయిండు అనుకుంటరు."

"వానికి చెప్పి తీస్కపోయినవా?"

"చెప్పిన. వాడు స్నానం చేస్తుండె. తలుపు కొట్టి చెప్పిన, కుర్చీ పట్టుకొని ఇప్పుడే తెచ్చిస్త అని. నువ్వు గిట్ల మరిచినవో తంత అన్నడు లోపటికెల్లి. పోయి పెట్టిన, ఫ్యాన్ కింది కుర్చీ దొరికింది. ఆ ఖుషీల ఛాయ్ కాడ నిలబడ్డ. మురళీకృష్ణ అని ఒక దోస్తు కలిసిండు, ఉద్యోగాల నోటిఫికేషన్ ముచ్చట పెట్టిండు. అంతల వాడు ఫోన్ చేసిండు."

"ఏమన్నడు?"

"'అరేయ్, నా తలకాయ యాడ పెట్టినవ్‌రా' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. రెండు నిమిషాల్ల వస్తున్న, ఆగు అన్న. నేను పోలే బాపూ. ముచ్చట్ల పడ్డ. పది నిమిషాల్ల సరుకు ఇయ్యకపోతె వానికి ఫోన్ల మీద ఫోన్లు వస్తయి. ఎంతసేపు ఆగిండో తెల్వది. ఆగే ఉంటడు. వాడు పెట్టుకోకుండ ఎన్నడు పోలే."

"పోలీసులకు చెప్పినవా?"

"లే. ఎవ్వరికి చెప్పలే. ఇంట్ల చెప్పలే. మూడో దినం రీడింగ్ హాల్‌కు పోయిన. ఆ కుర్చీ మీద హెల్మెట్ గట్లనే ఉన్నది. మూడు దినాలు అండ్ల ఎవ్వరు కూసోలే. మనిషి వస్తడనుకున్నరు. దాన్ని తీసుకొని వచ్చిన. మళ్ల ఆ దిక్కు పోలే. తిట్టుండ్రి బాపూ. కొట్టుండ్రి. అవ్వకు నేనే చెప్త, ఫోన్ కలిపియ్యండ్రి. నీ కొడుకు అబద్ధం చెప్పలే, నేనే—"

"ఆగు."

"బుగ్గయ్య కాకకు గూడ చెప్త. ఊరికి వచ్చి అందరి ముంగట—"

"ఆగుమన్న గదా! కూసో ఈడ. నా పక్కకు కూసో. ఏడువకు. నువ్వు ఏడుస్తె నాకు మాట రాదు, ఇయ్యాల రావాలె. నేను ఈడికి రావుడు ఇది మూడోసారి."

"మూడోసారా? ఎప్పుడొచ్చిండ్రు?"

"రెండుసార్లు గేటు దాక వచ్చి మర్లిపోయిన. నిన్ను చూడనీకె భయమైంది."

"నన్ను చూసి మీకేం భయం?"

"ఆ దినం నీకు ఎవరు చెప్పిండ్రు?"

"మీరే చెప్పిండ్రు గదా. నారాయణగూడ బ్రిడ్జి కాడికి ఉర్కు అన్నరు. నేను పొయ్యేవరకు రోడ్డు ఊడ్సే అక్క ఒకామె వాని పక్కకు కూసోని ఉన్నది. అంబులెన్స్ అప్పుడే వచ్చింది."

"పోలీసులకంటె ముందుగాల, అంబులెన్స్ కంటె ముందుగాల, పొలం కాడ ఉన్న నాకు ఎట్ల ఎర్కైందో ఎన్నడన్న సోంచాయించినవా?"

"...లే. నేను నా హెల్మెట్ ముచ్చట్లనే ఉన్న. ఎవరు చెప్పిండ్రు మీకు?"

"ఎవ్వరు చెప్పలే. నేను వానితోని ఫోన్ల ఉన్న."

"బాపూ..."

"దినాం బండి మీదికెల్లి చేస్తుండె, చెవుల వైరు పెట్టుకొని. మోటర్ పెట్టినవా నాయినా అంటడు. పెట్టిన కొడుకా అన్న. అంతల పెద్ద సప్పుడు. కారు ఆగినట్టు ఇనపడ్డది. తలుపు తెరిచిన సప్పుడు అయింది. ఎవడో 'అయ్యో' అన్నడు. నేను అనుకున్న, మనిషి దిగిండు, ఇగ నా కొడుకును చూస్తడు అని. మళ్ల తలుపు ఏసిన సప్పుడు. కారు పోయింది."

"వాడు... వాడు అప్పటికి ఉన్నడా?"

"ఉన్నడు. మాట్లాడిండు. సలి పెడుతుందే నాయినా అన్నడు. ఎవ్వరు లేరు అన్నడు. నేను ఉన్న గదా కొడుకా, ఉన్న గదా అనుకుంట గట్టు మీద నిలబడ్డ. పదకొండు నిమిషాలు. ఇగ పలకకపోతె అప్పుడు నీకు చేసిన."

"నేను గింత దూరంలనే ఉంటిని! ఉర్కితె ఐదు నిమిషాల్ల వస్తుంటి. ముందుగాలనే నాకు ఒక్క ఫోన్—"

"ఎర్కనే. నువ్వు గిది అడుగుతవనే గేటు కాడికెల్లి మర్లిపోయిన. నా దగ్గర ఒక్కటే ఫోన్, బిడ్డా. నీకు చెయ్యాలంటె వానిది కట్ చెయ్యాలె. నాయినా, నాయినా అంటుంటె ఎట్ల కట్ చేస్తర్రా?"