ఎల్లేశం నొక్కిన క్యూ బటన్

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని గాదు అంజన్నా. చెప్పుకునేటోళ్లు సిరిసిల్లల శానమంది ఉన్నరు, నాకు గా రోగం లేదు. గని నీ బిడ్డె ఫోన్ల సూపెడ్తున్న డబ్బాను సూస్తే నాకు నవ్వు ఆగుతలేదు. గిది డీజే కంట్రోలరా? చపాతీ పీటకు రెండు చక్రాలు పెట్టి అమ్ముతుండ్రు, మీరు కొంటుండ్రు."

సాంచలు, అంటే మరమగ్గాలు నడిచే వాడకట్టు మూలమీద రాజక్క చాయ్ హోటల్ ఉంది. బల్ల మీద కూర్చుని మాట్లాడుతున్నవాడు డీజే ఎల్లేశం. తువ్వాలలో చుట్టిన తన పాత కంట్రోలర్ అతని ఒళ్లో ఉంది. ఎదురుగా సాంచలు నడిపే అంజన్న, పక్కన అతని కూతురు నిఖిత. సాంచల మీద షిఫ్టు నడుస్తున్న వేళ కాబట్టి హోటల్లో రాజక్క తప్ప ఇంకో మనిషి లేడు.

వాడకట్టులో ఒక పెళ్లి హల్దీ ఉంది. మొగ డీజేలు వద్దు, నువ్వే పాటలు పెట్టమని ఆడవాళ్లు నిఖితను అడిగారు. ఆ పిల్ల నెలల తరబడి వెతికి వెతికి ఒక చిన్న కంట్రోలర్ ఎంచుకుంది. రెండు పాటలు కలపడానికి రెండు చానళ్లు చాలు, లాప్‌టాప్‌కు వైరు పెడితే చాలు, తర్వాత వచ్చే పాటను హెడ్‌ఫోన్లో ముందే వినొచ్చు, మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా అక్కర్లేదు అని తండ్రికి చెప్పింది. అంజన్నకు ఇవేవీ తెలియవు. జేబులో ఉన్నది ఒక్క డబ్బాకే సరిపోతుంది, అది తప్పయితే ఇంకోటి కొనే తాహతు లేదు. అందుకే తెలిసినవాణ్ణి అడుగుదామని ఎల్లేశం దగ్గరికి తీసుకొచ్చాడు. ఎల్లేశం తన పాతదాన్ని అంటగట్టాలని చూస్తున్నాడు. ఇప్పటి లాప్‌టాప్‌లు దాన్ని గుర్తుపట్టవని నిఖిత తొవ్వ పొడుగునా చెప్పింది. పెద్దోళ్లు మాట్లాడేటప్పుడు ఊకోమన్నాడు అంజన్న. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"రెండు చానళ్లట!" ఎల్లేశం చాయ్ ఒక గుక్క తాగాడు. "మనిషికి చెవులు రెండే ఉన్నయని రెండు చానళ్లతోటి సరిపెట్టుకుంటమా? నాది నాలుగు. బోథ్‌ల ఒక బరాత్‌కు పోయిన, అవుతలోళ్లు మహారాష్ట్ర కెళ్లి లారీ నిండ బాక్సులు తెచ్చిండ్రు, సగం తొవ్వల వాళ్ల మిషన్ కాలిపాయె, పెండ్లికొడుకు మొఖం సిన్నగైపాయె. నేను పోయి గీ డబ్బా పెట్టిన. గంతే, చిన్న పనే, నేనేం దాన్ని పెద్దగ చెప్పుకోను. గని పెండ్లికొడుకు తాత ఉన్నడు సూడు, మోకాళ్లు పట్టుకపోయి మంచం దిగని మనిషి, నా పాటకు లేచి ఎగిరిండు. ఇంట్లోళ్లు కాయ్ ఝాలా, కాయ్ ఝాలా, ఏమైంది ఏమైంది అనుకుంట ఉరికొచ్చిండ్రు. పాట బంద్ చేసిన్నో లేదో మళ్ల మంచంలనే పడ్డడు. మళ్ల పెట్టిన, మళ్ల లేచిండు."

"పాపం, ముసలాయనను గట్ల ఆడిచ్చినవా?" అంది రాజక్క గ్లాసులు కడుగుతూ.

"ఆయనే ఆడిచ్చుకున్నడక్కా, నేనేం చేసిన. గిది కాదు అసలు కథ. అంజన్నా, గీడ సూడు." ఎల్లేశం తువ్వాల కొద్దిగా తీసి ఒక గుండ్రటి బటన్ మీద వేలు పెట్టాడు. "ఏమని రాసుంది? క్యూ. గిది నొక్కినమంటే జనం క్యూ కట్టుడే. చెన్నూర్ల ఒక బరాత్‌ల జనం మీద వడి తొక్కులాట, పోలీసోళ్లు లాఠీలు పట్టుకొని పరేషాన్ అయితుండ్రు. నేనన్న, సార్, మీరు జర పక్కకు నిలవడుండ్రి. క్యూ నొక్కిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకని ఎనుక ఒకడు నిలవడ్డడు. నాలుగు చానళ్లకు నాలుగు లైన్లు, పెండ్లికొడుకు గూడ గుర్రం దిగి లైన్ల నిలవడ్డడు. లైను పెరిగి పెరిగి గోదారి ఒడ్డు దాక పోయింది. గాడ తానానికి వచ్చినోళ్లు గిదేదో యూరియా లైను అనుకొని, చెప్పులు లైన్ల పెట్టి తానానికి దిగిండ్రు."

నిఖిత ఇక ఆగలేకపోయింది. క్యూ అంటే లైను కాదు కాకా, పాట ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో గుర్తు పెట్టుకునే బటన్ అని మెల్లగా చెప్పబోయింది. అంజన్న కళ్లతోనే ఆపాడు. ఎల్లేశం ఆ పిల్ల వైపు కూడా చూడలేదు.

"గిదీ నేటి సదువు. ఫోన్ల ఇంత సూస్తరు, మనకు నేర్పొస్తరు. బిడ్డా, నువ్వు సూసింది వీడియో, నేను నొక్కింది బటన్. అంజన్నా, బేస్ అంటే ఏందో తెలుసా? గీ పిల్ల డబ్బాల వచ్చే బేస్‌కు దోమ గూడ లేవది. నేను గోదావరిఖనిల ఒక కాలనీల కొట్టిన. జర పెంచిన, జరంటే జర. కింద బాయిల బొగ్గు దానంతట అదే రాలి తట్టలల్ల వడ్డది. షిఫ్టు దిగినోళ్లు తట్టా, చెమ్మస్ పారా ముట్టలే. పని ఒడిసిపోయింది, ఇండ్లకు పొమ్మన్నరు. ఆడోళ్లు నాకు దండం పెట్టిండ్రు, పగటీలి మొగోళ్ల మొఖాలు సూడక ఎన్నేండ్లాయెనో అని."

"బొగ్గు రాలితె మీది బండ రాలలేదా?" అంది రాజక్క. ఆమె తమ్ముడు బాయిలోనే పని చేస్తాడు, ఆ మాట ఆమెకు నవ్వులాట కాదు.

"నా బేస్‌కు బొగ్గేదో బండేదో తెలుసక్కా. గా తెలివి గా చపాతీ పీటకు ఉంటదా?" ఎల్లేశం మీసం తుడుచుకున్నాడు. "సరే, గియన్నీ ఇడిచిపెట్టు. జైనూర్ ముచ్చట చెప్త ఇను. గుట్టల నడుమ ఊరు, పెండ్లి పందిరి కింద జనం కూసున్నరు, కరెంటు పోయింది. జనరేటర్‌ల డీజిల్ లేదు. ఫికర్ లేదు, లాప్‌టాప్ తీద్దామంటే దాన్ని బస్సుల మర్చిపోయిన."

"మరి పాటలెట్ల?" అన్నాడు అంజన్న. అతను ముందుకు వంగి వింటున్నాడు. తండ్రి నిజంగానే నమ్ముతున్నాడని నిఖితకు అప్పుడు అర్థమైంది.

"గదీ అడుగు! కరెంటు లేదు, లాప్‌టాప్ లేదు, వైరు లేదు. చక్రం మీద ఉత్త చెయ్యి పెట్టిన. పాట దానంతట అది వచ్చింది. అలవాటైన డబ్బా అంజన్నా, సాంచ నీ మాట ఇనదా, గట్లనే. గా పాటకు అడివి కదిలింది. నెమళ్లు వచ్చినయ్, కుందేళ్లు వచ్చినయ్, జనం భయపడుతుండ్రు. నేను క్యూ నొక్కిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్నీ లైన్ల నిలవడ్డయ్. ముందట దుప్పి, దాని ఎనుక పులి. పులి మూతి దుప్పి తోకకు తాకుతుంది, గని ముట్టలే. ఎందుకు ముట్టలే? క్యూ. దుప్పి ఒక్కసారి ఎనుకకు తిరిగి సూసింది, పులే తల దించుకుంది."

"పులి చెప్పులు పెట్టి తానానికి పోలేదా?" అంది రాజక్క.

అంజన్నకు నవ్వొచ్చింది. ఎల్లేశానికి రాలేదు. నవ్వేటోళ్లు నవ్వుతనే ఉంటరు, పని తెలిసినోని ఇలువ పని తెలిసినోనికే ఎరుక అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఇంకెవరైనా అడిగితే ఈ డబ్బాను ముట్టనివ్వనని, అంజన్న కాబట్టి ఇస్తున్నానని, ఇవ్వాళ కాదంటే రేపు తనకే మనసు ఒప్పదని చెప్పాడు. పిల్ల బతుకు బాగుపడాలంటే పెద్ద డబ్బా ఉండాలి, బొమ్మలతో ఆడుకుంటే బొమ్మగానే మిగులుతుంది అని కూడా అన్నాడు. ఆ మాట అంజన్నకు తగిలింది. చెయ్యి జేబు మీదికి పోయింది.

"బాపూ," అంది నిఖిత, "ఒక్క పాట మోగిచ్చి సూపెట్టుమను."

"గీడ ప్లగ్గేది బిడ్డా? లాప్‌టాప్ ఏది?" ఎల్లేశం చెయ్యి ఊపి కొట్టిపారేశాడు.

రాజక్క కడిగిన గ్లాసును బోర్లించింది. "జైనూర్ల ఉండెనా తమ్మీ?"

ఎల్లేశం తువ్వాలను మళ్లీ బటన్ మీదికి కప్పాడు. అది అడివి, ఇది బజారు, రెంటికీ ఫరక్ ఉంటదని ఏదో అనబోయాడు.

"పాట వద్దులే," అంది రాజక్క. "పాటకు వైర్లు గియిర్లు కావాలె, నాకు తెల్వదు. ఉత్తగ గా క్యూ నొక్కు సాలు. పొద్దటి సంది నా హోటల్‌కు మీరు ముగ్గురు తప్ప మనిషి రాలే. లైను గోదారి దాక అక్కర్లేదు, గా కరెంటు స్తంభం దాక వచ్చినా నీకు దండం పెడ్త."

అంజన్న కూడా ఎల్లేశం వైపే చూస్తున్నాడు, జేబు మీద చెయ్యి అట్లాగే ఉంది. ఇక తప్పేటట్టు లేదు. ఎల్లేశం తువ్వాల తీశాడు, గొంతు సవరించుకున్నాడు, వేలితో క్యూ నొక్కాడు. టక్ మంది. నలుగురూ రోడ్డు వైపు చూశారు. ఒక ఆటో వచ్చింది, ఆగకుండా పోయింది. సాంచల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎల్లేశం మళ్లీ నొక్కాడు, ఈసారి గట్టిగా.

రోడ్డు అవతల గోడ నీడన పడుకున్న మేక ఒకటి లేచింది. నింపాదిగా నడిచొచ్చి బల్ల ముందు నిలబడి ఎల్లేశం తువ్వాల కొస నమలడం మొదలుపెట్టింది.

రాజక్క కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. "దుప్పి వచ్చింది," అంది. "ఇగ ఎనుక పులి రావాలె. కూసోండ్రి, సూద్దాం."

ఎల్లేశం తువ్వాల గుంజాడు, మేక విడవలేదు. అతను అటు గుంజుతుండగానే అంజన్న జేబు గుండీ పెట్టుకుని లేచాడు. కూతురి వైపు తిరిగాడు.

"నీ చపాతీ పీట ఏ దుకాణంల ఉందన్నవ్ బిడ్డా?"