ఏడు గంటలు దించని ఫ్లెక్సు

నా పేరు హర్షిణి. తండ్రి పేరు ఓంప్రకాశ్. వయసు ఇరవై ఎనిమిదేళ్లు. నివాసం హుజూరాబాద్. విశ్వవిద్యాలయం వారి వర్షపాత పరిశోధన ప్రాజెక్టులో కమ్యూనికేషన్స్ అసిస్టెంటును. పరిశోధకులు కనిపెట్టినదాన్ని ఊళ్లకు అర్థమయ్యేలా రాయడం, ఫొటోలు తీయడం, పోస్టర్లు, ఫ్లెక్సులు వేయించడం నా పని. ఈ రోజు 16-10-2025 ఉదయం 11 గంటలకు సుల్తానాబాద్ పోలీసు స్టేషన్లో ఎస్సై గారు అడిగిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

సుల్తానాబాద్ రైతు ఏలియా గారు పంతొమ్మిదేళ్లుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు తన పెరట్లో వానను కొలుస్తున్నారు. వాన రాని రోజు నోటుబుక్కులో సున్నా పడుతుంది. మా ప్రాజెక్టు ఆ నోటుబుక్కుల మీదే నిలబడింది. మొదటి పదేళ్ల రాత మాత్రం ఆయన తమ్ముడు జోయల్ గారిది. అన్న కొలిచేవాడు, తమ్ముడు రాసేవాడు. జోయల్ గారు సున్నాను పూర్తిగా మూయరు, పైన చిన్న సందు ఉంటుంది.

2016 క్రిస్మస్ ఆరాధనలో ఏలియా గారు అందరి ముందూ తమ్ముడి చేతిలోంచి డోలక్ లాక్కుని, నీకు తాళం రాదన్నారట. మర్నాడే జోయల్ గారు ఆదిలాబాద్ వెళ్లి జిన్నింగు మిల్లులో కాంటా దగ్గర పనికి కుదిరారు. మళ్లీ రాలేదు. అన్న ఫోను చేస్తే ఎత్తలేదు. పంతొమ్మిదేళ్ల లెక్కలో ఆ ఒక్క రోజే, డిసెంబరు 26, గడి ఖాళీగా ఉంది. సున్నా వేసుకోవచ్చా అని అడిగితే ఏలియా గారు ఒప్పుకోలేదు.

"అది సున్న కాదు బిడ్డా. గానాడు నేను బస్టాండుల కూసున్న. కొలవలే."

ప్రాజెక్టు ముగిసిందని, ధన్యవాదాలు చెబుతూ ఆయన పేరున ఫ్లెక్సు వేయించాను. తమ్ముడి పేరు కూడా వెయ్యమని ఆయన రెండుసార్లు చెప్పారు. జోయల్ గారి ఫొటో దొరకలేదు, చోటు చాలదని పేరూ వదిలేశాను. అది నా మొదటి తప్పు. హుందాగా ఉంటుందని ఏలియా గారి ఫొటోను నలుపు తెలుపు చేశాను. కింద లెక్క మొదలైన తేదీ, ప్రాజెక్టు ముగిసిన తేదీ వేశాను. ఆ కింద, మీ సేవలు మరువలేనివి అని రాయించాను. పూల అంచు ఫ్లెక్సు షాపు లక్ష్మణ్ పెట్టాడు, కానీ చూసి సరే అన్నది నేనే. ఈ ప్రాంతంలోనే పుట్టి, చౌరస్తాల్లో అలాంటివి వందసార్లు చూసి కూడా నాకు తట్టలేదు.

14వ తేదీ సాయంత్రం 6 గంటలకు బస్టాండు పక్క చౌరస్తాలో కట్టించాను. 15న ఉదయం ఏడున్నరకే చర్చి సంఘం వాళ్లు దండలతో ఏలియా గారింటికి వెళ్లారు. ఆయన పళ్లు తోముకుంటూ ఎదురొచ్చారట. అప్పటికే ఎవరో ఆ ఫ్లెక్సును ఫొటో తీసి ఆదిలాబాద్ చుట్టాలకు పంపారు. 9.15కి నేను, లక్ష్మణ్ నిచ్చెనతో వెళ్లేసరికి ఏలియా గారు ఫ్లెక్సు కింద నిలబడి ఉన్నారు. నేను ఆయన కాళ్లు పట్టుకోబోయాను. ఆయన నిచ్చెన పట్టుకున్నారు.

"జోయల్ బస్సెక్కిండట. గిది లేకుంటే బస్టాండుకాడ్నే మర్లిపోతడు. బతికున్నన్ని రోజులు రానోడు సచ్చిననంటె వస్తుండు. జర ఉండనియ్యి బిడ్డా."

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఏలియా గారి కొడుకు ఎబినేజర్ కరీంనగర్ నుంచి వచ్చి, బతికున్న బాపును చంపారని ఇక్కడ ఫిర్యాదు ఇచ్చారు. ఆయన కోపం న్యాయమే. వాళ్ల అమ్మ ప్రేమమ్మ గారికి పొద్దున్నుంచి ముద్ద దిగలేదు. ఒంటిగంటకు కానిస్టేబుల్ గారు వచ్చి దించమన్నారు. తాడు ముడి రావడం లేదని అబద్ధం చెప్పాను. ఫిర్యాదులో ఉన్నట్టు అది నిర్లక్ష్యం కాదు. తెలిసే ఉంచాను.

4.10కి మంచిర్యాల బస్సు వచ్చింది. జోయల్ గారు దిగి, ఫ్లెక్సు చూసి, దాని కిందే కూలబడి ఏడ్చారు. చేతిలో కవరు, అందులో కొత్త తెల్ల అంగీ. అన్నకు తొడిగి సాగనంపడానికట. అరవై దాటిన మనిషి అలా ఏడుస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఏలియా గారు టీ కొట్టు బల్ల మీంచి లేచి వచ్చి, పక్కన కూర్చున్నారు. జోయల్ గారు చాలాసేపు చూసి, అన్న భుజం మీద గట్టిగా ఒకటి కొట్టారు. రెండోది కొట్టబోయి ఆ భుజాన్నే పట్టుకున్నారు.

4.20కి ఫ్లెక్సు దించాను. జోయల్ గారు దాన్ని మడత పెడుతూ ఒకే మాట అడిగారు.

"మొదటి పదేండ్లు రాసింది నేను గద అన్నా. నా పేరేది?"

రెండుసార్లు చెప్పిన అని ఏలియా గారు నా వైపు చూశారు.

ఈ ఉదయం క్షమాపణ అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. ఏలియా గారు ఆ తెల్ల అంగీయే తొడుక్కుని ఉన్నారు. మడతలు ఇంకా పోలేదు. తొమ్మిదేళ్లు చూడని మనిషికి కొలత సరిగ్గా తెచ్చారు. ఎనిమిదిన్నరకు ఏలియా గారు వాన కొలిచే గాజు గొట్టం ఎత్తి వెలుతురుకు పట్టి, వాన లేదన్నారు. పక్కన పీట మీద నోటుబుక్కు పట్టుకుని కూర్చున్న జోయల్ గారు సున్నా రాశారు. పైన చిన్న సందు ఉంది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోయినా పోకపోయినా చెప్పాను. రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, కల్పన ఏదీ లేదు. నా పేరు కింద ఒక్క తేదీయే ఉందని సరిచూసుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) హర్షిణి
16-10-2025