కరుణ చెప్పిన సాక్ష్యం

"అమ్మమ్మా, చిన్నమ్మమ్మ ఆయన్నెందుకు వదల్లేదు?"

అదేంటే, బ్యాగు సర్దుకుంటా ఇప్పుడడుగుతున్నావు? సరే, కూర్చో. ఆటో వచ్చేదాకా చెప్తాను.

మా చెల్లి కరుణని కోడూరులో ఇచ్చాం కదా. అప్పుడు అక్కణ్ణించి మన అవనిగడ్డకి బస్సు టికెట్టు రూపాయి... కాదు కాదు, రూపాయిన్నర. అదీ చేతిలో లేక ఒకసారి నడిచొచ్చేసిందమ్మా, దవడ వాచిపోయి. మూడోరోజుకి వాళ్లాయన దిగాడు. వాకిట్లో కూలబడి ఒకటే ఏడుపు. మా అమ్మ అన్నం పెడితే తను తినకుండా, బొచ్చె చేప ముళ్లు తీసి, కలిపి, దానికి ముద్దలు పెట్టాడు. ఇది ఆ వాచిన దవడతోనే నవ్విందే!

"సిగ్గులేదటే నీకు?" అన్నాను. "అక్కా, కొట్టేటప్పుడు ఈయన వేరు, ఇప్పుడు వేరు. నాన్న కూడా నాకెప్పుడూ ముళ్లు తీసి పెట్టలేదు" అంది. ఆ ముద్ద కోసం దెబ్బలన్నీ ఓర్చుకుంది, పిచ్చిది.

మరి నేను చేసిన పనేంటో తెలుసా? చర్చిలో స్త్రీల కూడికకి నేనే పెద్దని కదా, ఆ ఆదివారం దాన్ని లేపి నిలబెట్టి సాక్ష్యం చెప్పించాను. "ప్రభువు నా భర్తని మార్చాడు" అంది. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. నాకెంత గర్వమో! ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు కొట్టినా నోరెత్తలేదు. సంఘం ముందు మారాడని చెప్పాక, మారలేదని ఏ మొహం పెట్టుకుని చెప్తుంది? దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టని దాని భయం. దాని నోరు నేనే కుట్టేశానే తల్లీ.

ఆయన పోయి పదేళ్లు. దానికి ఎడం చెవి వినపడదు, ఆయన చలవే. ఇప్పటికీ చేప ముందు పెట్టుకుంటే కళ్లనీళ్లు పెట్టుకుంటది, ఆయన కోసం! నా కడుపు మండిపోద్ది.

నిన్న మీ ఆయనొచ్చి రొయ్యలు ఒలిచి, వేయించి, నీ నోటికందిస్తుంటే... ఆ చేతికి కట్టుతోనే నవ్వావు చూడు. అచ్చం కరుణలాగే. వెళ్లొద్దంటే ఆగుతావా? ఆగవు. అదీ ఆగలేదు.

అదిగో, ఆటో. ఎక్కు. చల్లగా ఉండు నా తల్లీ. ఒక్కమాట. ఆదివారం పాస్టరుగారు సాక్ష్యం చెప్పమంటారు. లేవకు. మారాడని ఎవరికీ చెప్పకు, నాక్కూడా చెప్పకు... అప్పుడైతే మళ్లీ రాగలవు. తలుపుకి గడియ పెట్టన్లే...