‘ఏడికి?’ అని అడగడం నేర్పిన పరంధామయ్య గారు

1979 నవంబరు 12, సోమవారం ఉదయం శ్రీ పరంధామయ్య గారు గుమాస్తాగా ప్రభుత్వ సేవలో ప్రవేశించారు. 2014 జూన్ 30, అదీ సోమవారమే, మన కార్యాలయంలో ఎన్నికల విభాగపు ఉప తహసీల్దారుగా పదవీ విరమణ చేస్తున్నారు. కొత్త రాష్ట్రం పుట్టిన నెలలోనే విరమించడం తన జాతక బలమని ఆయన చెప్పుకుంటున్నారు. ఆయన సెలవు చీటీ ఇచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఆయన తాగిన చాయ్‌లు లెక్కపెట్టడం మాత్రం ఎవరి తరమూ కాదు.

తొలి పదిహేనేళ్లు పహాణీలనే భూమి లెక్కలు, రేషను కార్డులు, ధ్రువపత్రాల మధ్య గడిచాయి. ముత్యాల్లాంటి దస్తూరి గనుక ఏ పట్టిక రాయవలసి వచ్చినా పై అధికారులు ఆయననే పిలిచేవారు. ఆ విధంగానే ఓటర్ల జాబితా ఆయన చేతికి వచ్చింది, మరి వదలలేదు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి చెప్పాలి. సన్మాన సంచికలో పొరపాట్ల ప్రస్తావన మర్యాద కాదని కొందరు మిత్రులు వారించారు. కానీ దాన్ని తప్పక రాయాలని పట్టుబట్టినవారు స్వయంగా పరంధామయ్య గారే.

2003లో ఇంటింటి తనిఖీకి నాచారంలోని ఒక కార్మికుల బస్తీ ఆయన వంతుకు వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండ, చాలా తలుపులకు తాళాలు. పక్కింటి మల్లవ్వను అడిగితే ఒక్కొక్క ఇంటినీ చూపిస్తూ ‘షిఫ్టు సారూ, షిఫ్టు’ అని చెప్పింది. ఇల్లు మారి వెళ్లిపోయిన ఓటరును మన పట్టికలో ‘షిఫ్టెడ్’ అంటాం, పేరు ఎదుట ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరం వేస్తాం. ఆయన ఆ అందమైన దస్తూరితో ముప్పై ఏడు పేర్ల ఎదుట ‘ఎస్’ వేసి, పని త్వరగా తెమిలిందని సంతోషంగా తిరిగి వచ్చారు.

మరుసటి ఏడాది పోలింగు నాడు నూలు మిల్లు కార్మికురాలు ఉప్పలమ్మ రెండు గంటలు వరుసలో నిలబడితే జాబితాలో ఆమె పేరు లేదు. తెల్లవారి మన కార్యాలయానికి వచ్చింది. కేకలు వేయలేదు. బల్ల ముందు నిలబడి అడిగింది.

“సారూ, నేను షిఫ్టుకు పోయిన. బస్తి ఇడిసి ఏడికీ పోలే. పదకొండేండ్ల సంది గా ఇంట్లనే ఉన్న. నన్నెట్ల లేకుంట జేసిన్రు?”

పాత పట్టిక తీయించి చూస్తే దస్తూరి తనదే. ఆ పట్టికను ఆయన తప్ప మరెవరూ చూడలేదు, మూసి పెట్టేస్తే ఆ సంగతి ఎవరికీ తెలిసేదీ కాదు. పరంధామయ్య గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “గది నేనే రాసిన తల్లీ. తప్పు నాది,” అన్నారు. ఆ రాత్రి అన్నం సయించలేదని వారి సతీమణి శ్రీమతి తారామణి గారు ఇప్పటికీ చెబుతారు.

ముప్పై ఏడు పేర్లూ తిరిగి జాబితాకెక్కించడానికి ఆయన స్వయంగా బస్తీ తిరిగి దరఖాస్తులు నింపారు. అయితే పేరు వచ్చినా ఓటరు ఫొటో కార్డు రాలేదు. ఉచితంగా ఫొటోలు తీసే మన శిబిరం పదిన్నరకు తెరుచుకుని ఐదింటికి మూసుకునేది. ఉదయం షిఫ్టు మనుషులు రెండింటికి దిగి, వండి, నీళ్లు పట్టుకుని వచ్చేసరికి కెమెరా పెట్టెలోకి వెళ్లిపోయేది. రెండుసార్లు ఉప్పలమ్మ అలాగే వెనుదిరిగింది. ఈసారి కార్డు లేక ఆమె ఓటు పోతే అది తన చేతిరాత వల్లనే పోయినట్టని ఆయన మనసు కుదుటపడలేదు.

2008లో అధికారులను ఒప్పించి శిబిరాన్ని మిల్లు గేటు దగ్గరికే తరలించారు. గోడకు తెల్లగుడ్డ కట్టించి, ముక్కాలిపీట వేయించి, సరిగ్గా రెండింటికి ఫొటోగ్రాఫరు తిరుపతిని నిలబెట్టారు. గేటు తెరుచుకుంది గానీ ఒక్కరూ పీట మీద కూర్చోలేదు. జుట్టు నిండా, కనుబొమల నిండా దూది నూగు. జన్మకొక ఫొటో, అదీ ఈ మొహంతోనా అని ఆడవాళ్లంతా వెనక్కి తగ్గారు. పరంధామయ్య గారు స్కూటరు మీద చిల్కానగర్‌లోని ఇంటికి వెళ్లి బకెట్టు, సబ్బు, దువ్వెన, తారామణి గారి నిలువుటద్దం తెచ్చారు. ఆ అద్దం ఇంటికి పగుళ్లతో చేరినందుకు ఆయన ఎన్ని మాటలు పడ్డారో మనకు తెలియదు.

మొహం కడుక్కుని మొదట కూర్చున్నది ఉప్పలమ్మే. ఇంత చేసి కార్డు ఉత్తగనే ఇస్తారా అని అనుమానంగా అడిగింది. “ఉత్తగనే ఇస్తం. ఉత్తగ పారేసుకోకు,” అన్నారాయన. 2009 పోలింగు నాడు వరుసలో అందరికంటే ముందు ఆమె నిలబడింది. వేలి మీద సిరా ఆరకముందే వచ్చి చూపించిందని చెబుతూ ఆయన కళ్లజోడు తుడుచుకోవడం మనమందరం చూశాం.

ఆనాటి నుంచి ఈ విభాగంలో చేరిన ప్రతివారికీ ఆయన చెప్పిన పాఠం ఒక్కటే. ఏ పేరు ఎదుటనైనా ‘ఎస్’ వేసే ముందు ‘ఏడికి?’ అని అడగాలి. షిఫ్టుకా, దవాఖానాకా, పుట్టింటికా అని తేల్చుకోనిదే కలం కదపకూడదు. ఆ ఒక్క ప్రశ్న వల్ల ఉప్పల్, నాచారం బస్తీలలో ఎందరి పేర్లు నిలిచాయో ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు, అందుకే ఇక్కడ మేం చెబుతున్నాం. ఆయనంటే మాకు గౌరవమే కాదు, గర్వం కూడా.

మొన్న చిరునామా మార్పు పని మీద ఉప్పలమ్మ వస్తే, సారు వెళ్లిపోతున్నారని ఎవరో అన్నారు. “ఏడికి వోతుండు? షిఫ్టు దిగుతుండు, గంతే గద,” అని ఆమె సర్దిచెప్పింది.

శ్రీ పరంధామయ్య గారు, శ్రీమతి తారామణి గారు ఆయురారోగ్యాలతో, పగుళ్లు లేని కొత్త అద్దంతో, చిరకాలం సుఖంగా వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. ఇకపై ప్రతి తనిఖీకీ చిల్కానగర్‌లోని ఆ తలుపు తడతాం. ఆయన కనిపించకపోతే కలం జేబులోనే ఉంచి, ఏడికి పోయిండని అడుగుతాం. ఇంకా ఎన్నో ఏళ్లపాటు లోపలి నుంచి ఆయన గొంతే మాకు జవాబు చెప్పుగాక.