మేకులు కొట్టిన కిటికీ

కుట్టు గదిలో ఇస్త్రీ పెట్టె ఆవిరి పైకప్పు దాకా నిండింది. కిటికీకి మేకులు కొట్టి ఉన్నాయి. కుట్టుకొట్టు యజమాని తలుపు మూసి, తన దగ్గర పనిచేసే మరదలి మీద విరుచుకుపడ్డాడు. ఆమె మిషను ఆపి, అరవనీ ఎంతసేపు అరుస్తాడో అనుకుంది.

“చూడమ్మా ఈ చొక్కా! రెండు చేతులూ ఎడమవే. తాగి కుట్టావా?”

“తల దిమ్మెక్కి కుట్టాను బావగారూ. ఈ గదిలో గాలేదీ?”

“గాలి కావాలంటే పార్కుకు పో! కిటికీ తీస్తే తెల్లబట్టల మీద దుమ్ము పడుతుంది.”

“పొద్దున కుట్టినవాటికి ఒక్క వంక పెట్టండి చూద్దాం! మధ్యాహ్నానికి అందరికీ తలనొప్పే, అన్నీ తప్పులే.”

“నాకే పాఠాలా? పనిలో ఆవులించేవాళ్లు నాకొద్దు. రేపట్నుంచి రాకు.”

“మీ తమ్ముడు ఖాళీగా ఉన్నాడు. మేమేం తినాలి?”

“అది నువ్వు ఆలోచించుకో! అసలు మీ పుట్టింటివాళ్లంతా బద్ధకస్తులు. మీ నాన్న, మీ అన్న...”

“మా చిన్నాన్నను వదిలేశారేం? తీరిగ్గా తిట్టండి.”

“వాడా! వాడు కూర్చున్నచోటే...”

అతను నోరంతా తెరిచి ఆవులించాడు. కళ్లు నులుముకుంటూ స్టూలు మీద కూలబడ్డాడు.

“ఏం చెబుతున్నాను?”

“నన్ను పనిలోంచి పొమ్మంటున్నారు.”

“ఎందుకూ?”

“ఆవులించానని.”

అతను కొరికేసేలా చూశాడు. అంతలోనే ఇంకో ఆవులింత వచ్చింది.

“ముందు ఆ కిటికీ తియ్యి!”

“మేకులు కొట్టింది మీరు. పట్టకారు తెచ్చి మీరే పీకండి. మా చిన్నాన్నను రేపు నేను పనికొచ్చాక తిడుదురుగాని.”